కుమ్ములో తీపి

శివరాత్రి ఉపవాసం పేరు చెప్పి మా ఇంట్లో ఆ రోజు చిలగడదుంపలే ఫలహారం. (రాయలసీమ వాళ్ళు గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో కందగడ్డ. దుంప మాత్రం అదే.) ఈసారి కోడలు సగం కుక్కర్లో పెట్టింది. మిగతా సగం నేను పెరట్లో కుమ్ములో కప్పెట్టాను. మనవరాలు రెండూ కొరికి చూసి, "తాతయ్యా, నీ దుంపలకి బెల్లం పూశావు కదూ?" అని నిలదీసింది.

నేనేమీ పూయలేదే తల్లీ, ఆ తీపి దుంపే చేసుకుంది.

దుంపలో ఉండే పిండి ఏమిటనుకున్నావు? గ్లూకోజ్ పూసలు గుచ్చిన పొడుగాటి దండలు. నాలిక మీద చప్పగా ఉంటాయి. ఆ పక్కనే బీటా ఎమైలేజ్ అనే ఎంజైమ్ కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. దండ కొసనుంచి రెండేసి పూసలు తుంచడమే దాని పని. ఆ జంట పూసలే మాల్టోజ్. పంచదారంత తీపి కాదు గానీ, పోగుపడితే నోటికి తెలుస్తుంది.

"మరి పచ్చిదుంప అంత తియ్యగా ఉండదేం?" అంది.

పచ్చిదుంపలో ఆ దండలు గింజల్లా బిగుసుకుని ఉంటాయమ్మా, కత్తెరకి కొస చిక్కదు. 65 డిగ్రీల దరిదాపుల్లో గానీ అవి నీరు పీల్చి ఉబ్బవు. అప్పుడు చూడాలి కోత! మామూలుగా వేడి పది డిగ్రీలు పెరిగితే ఎంజైమ్ జోరు ఇంచుమించు రెట్టింపవుతుంది. కానీ 80 దగ్గరపడేసరికి దాని పని సరి. ఎంత చెప్పినా అది ప్రొటీన్, మడతలుగా చుట్టుకున్న తీగ. మడత ఊడిందా, పెనం మీద పడ్డ తెల్లసొనే. చల్లారబెడితే మాత్రం మళ్ళీ జారుతుందా?

కుక్కర్లో ఆవిరి 120 డిగ్రీలదాకా పోతుంది. దుంప ఆ 65–80 సందుని గబగబా దాటేస్తుంది, కత్తెరకి తీరికేదీ? కుమ్ము అలా కాదు. బూడిద చాటు వేడి మెల్లగా లోపలికి దిగుతుంది, కోత సాగుతూనే ఉంటుంది. పైగా నీరు కొంత ఇగిరి, తొక్క దగ్గర పాకం కారి అంటుకుంటుంది. ఆ మాడు ముక్క నాది, ఎవరికీ ఇవ్వను.

చలికి మాత్రం ఎంజైములు చావవు, మందగిస్తాయి అంతే. పాలని పెరుగు చేసే తోడులోని బాక్టీరియా పనీ ఎంజైములతోనే, అందుకే చలికాలంలో తోడు పెట్టిన గిన్నెకి మీ నానమ్మ తువ్వాలు చుడుతుంది. చల్లటి పాలు ఆలస్యంగానైనా తోడుకుంటాయి. మరిగే పాలల్లో తోడు వేస్తే ఇక అంతే సంగతులు.

ఈ కత్తెరల జాతి మొదట దొరికింది 1833లో, ఫ్రాన్సులో. పేయన్, పెర్సో అనే ఇద్దరు బార్లీ మొలకల్లోంచి పట్టుకున్నారు.

కుమ్ము లేని ఇళ్ళవాళ్ళు అడుగు మందం మూకుట్లో దుంపలు పేర్చి, మూతపెట్టి, సన్న సెగ మీద ఓ గంట వదిలేయండి. విజిల్ మాత్రం వేయించకండి.