లయ తప్పిన గుండె - వేడి లేని చికిత్స

మణికట్టు వద్ద, బొటనవ్రేలి మూలమున మూడు వ్రేళ్ళుంచి ఒక నిమిషం నాడిని చూడండి. అది ఒకప్పుడు త్వరగా, ఒకప్పుడు మెల్లగా, క్రమమే లేక నడుస్తుంటే వాతప్రకోపమని తలచి కషాయాలతో కాలం గడపరాదు. గురుకులంలో నాడీ పరీక్ష అభ్యసించిన నేను కూడా అట్టివారిని ముందుగా ఇ.సి.జి. తీయించుకొమ్మంటాను.

ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. ఈ వ్యాధిలో గుండె పైగదులైన కర్ణికలు సరిగా ముడుచుకొనక వణుకుతాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం కలుగుతుంది.

ఊపిరితిత్తుల నుండి గుండెకు రక్తం తెచ్చే సిరలలోనే ఈ అలజడి తరచుగా పుడుతుందని ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు 1998లో నిరూపించారు. తొడ సిర గుండా కేథటర్ అనే సన్నని గొట్టాన్ని పంపి, ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కణజాలాన్ని నిర్జీవం చేస్తే అలజడి కర్ణికను చేరదు. రేడియో తరంగాల వేడితో కాల్చడం పాత పద్ధతి. వేడి హద్దు మీరితే గుండె వెనుకనున్న అన్ననాళం గాయపడవచ్చు. ఇది అరుదు; కాని ప్రాణాంతకం.

వేడి లేని మార్గాలలో మొదటిది శీతలం. సిర ముఖాన బుడగను ఉబ్బించి, అతిశీతలంతో కణజాలాన్ని ఘనీభవింపజేస్తారు. 2016లో వెలువడిన 'ఫైర్ అండ్ ఐస్' పరీక్షలో యూరప్‌లోని 762 మందిని, చీటీలు తీసినట్లు, రెండు వర్గాలు చేశారు. చికిత్స విఫలమైనది శీతల వర్గంలో 34.6 శాతం, వేడి వర్గంలో 35.9 శాతం. ఫలితం దాదాపు సమానం. అయితే చల్లనిది కనుక హానిలేదనరాదు. శీతల వర్గంలో 2.7 శాతం మందికి శ్వాసకు తోడ్పడే నాడి దెబ్బతిన్నది. వారిలో అధికులకు తరువాత నయమైనది.

రెండవది విద్యుత్ ఘాతం. క్షణంలో అత్యల్ప భాగం నిలిచే ఘాతాలు కణాల పొరలకు రంధ్రాలు చేస్తాయి. గుండె కండర కణాలు వీటికి త్వరగా లొంగుతాయి. అన్ననాళానికి ముప్పు తగ్గుతుంది. 2023లో వెలువడిన 'అడ్వెంట్' పరీక్షలో అమెరికాలోని 607 మందిని పరిశీలించగా, ఏడాదికి సఫలత విద్యుత్ పద్ధతిలో 73.3 శాతం, వేడి లేక శీతల పద్ధతులలో 71.3 శాతం.

కొత్త దానిని పాత దానితో ఇట్లు సరితూచడమే సరియైన పరీక్ష. మన ఔషధాలకూ ఇదే గీటురాయి కావాలి.

ఏ పద్ధతిలోనైనా కొందరికి వ్యాధి తిరగబెడుతుంది. కనుక నాడి కుదిరినదని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందును స్వయంగా మానకండి. వయస్సు, రక్తపోటు, మధుమేహం చూచి వైద్యుడే నిర్ణయించాలి. వెల్లుల్లి, పసుపు వంటలో వాడుకొనవచ్చు. మందుగా అధిక మోతాదులో సేవిస్తే రక్తస్రావం పెరగవచ్చు. ఆ సంగతి మీ గుండె వైద్యునికి ముందే తెలుపండి.