రంగులు పెరిగితే చేయి బలపడుతుందా?

ఒడిశాలో మా బరంపురం వైపు పేకముక్కలు గుండ్రంగా కూడా ఉంటాయి. వాటిని గంజపా అంటారు. ముక్క మీద పూసిన రంగే దాని జట్టుకి గుర్తు కాబట్టి, పేకల పేర్లు కూడా రంగుల లెక్కతోనే వచ్చాయి. ఎనిమిది రంగులుంటే ఆఠరంగి, పదయితే దశరంగి, పన్నెండయితే బారరంగి, పదహారయితే షోళరంగి. ప్రతి రంగులోనూ ఒకటి నుంచి పది దాకా అంకెలు, వాటిపైన మంత్రి, ఆపైన రాజు, మొత్తం 12 ముక్కలు. ఆఠరంగిలో 96 ముక్కలుంటే షోళరంగిలో 192.

మా అన్నయ్య కొడుకు బెంగళూరులో మ్యాజిక్ ది గ్యాదరింగ్ ఆడతాడు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఆట అది. అందులో ఐదు రంగులు. ఎవరి పేక వాళ్లే కూర్చుకోవాలి, మామూలు పోటీల్లో కనీసం 60 ముక్కలు. "అత్తా, ఐదు రంగులూ పెట్టుకుంటే అన్ని మంచి ముక్కలూ మనవే. కానీ ఆ రంగు ముక్క వెయ్యాలంటే ఆ రంగు శక్తినిచ్చే భూమి కూడా చేతికి రావాలి, అదే సమయానికి రాదు" అన్నాడు. వాడికి గంజపా లెక్క చెప్పాను.

నలుగురు ఆడితే ఆఠరంగిలో మనిషికి 24 ముక్కలు, బారరంగిలో 36. చేయి నిండుగా కనిపిస్తుంది. రంగుకి సగటున ఎన్ని? అక్కడా మూడే, ఇక్కడా మూడే! 12 ముక్కల్ని నలుగురికి పంచితే అంతకన్నా రావు. రంగులు పెరిగితే పెరిగేది గుర్తుపెట్టుకోవాల్సిన బరువే.

ఈ ఆటలో తురుపు లేదు. ఏ రంగు బలం ఆ రంగులోనే. పైగా సగం రంగుల్లో మంత్రి కింద పది పెద్దది, మిగతా సగంలో వరస తిరగబడి ఒకటి పెద్దది. మొదటి రకంలో రాజు, మంత్రి, పది దిగిపోయాక చేతిలో ఉన్న తొమ్మిదిని ఎవరూ కొట్టలేరు. రెండో రకంలో అదే తొమ్మిది దాదాపు అడుగున ఉంటుంది, అక్కడ రెండుకి ఆ గౌరవం. ఏ రంగులో ఏం దిగిందో, ఏది మిగిలిందో మనసులో నిలుపుకున్నవాడిదే పట్టు. అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రాజులున్నాయని మురిసిపోకండి, రాజులు లేని రంగుల్లో పై ముక్కలు ఎప్పుడు దిగుతాయో కనిపెట్టండి. నాకు తెలిసి గంజపాని మించిన జ్ఞాపకశక్తి ఆట లేదు.

ఇది మొగలుల గంజీఫాకి బంధువు. 1527లో బాబరు ఒక స్నేహితుడికి గంజీఫా పంపినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అక్బరు పేకల వర్ణన అయినీ అక్బరీలో ఉంది. మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు 320 ముక్కల పేకని కూడా రూపొందించాడు. ఒడిశా చిత్రకారులు మాత్రం ఈ ఆటని తమ దేవుళ్లతో నింపుకున్నారు. పూరీ వైపు ఒక పేకలో విష్ణురూపమైన నవగుంజరం రాజు, అర్జునుడు మంత్రి. పర్లాకిమిడి ముక్కలకీ పేరుంది.

ఈ ముక్కల కోసం పాత నూలుగుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఎండబెట్టి, రాయితో నునుపు చేసి, గుండ్రంగా కత్తిరిస్తారు. శంఖం నుంచి తెలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, హరిదళం నుంచి పసుపు, దీపపు మసి నుంచి నలుపు. రంగులు ఆరాక లక్క పూత. ఇంత కష్టపడి చేసిన పేకలోంచి నాలుగు ముక్కలు విడిగా కొని, అద్దం వెనక బిగించి గోడకి తగిలిస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

కొంటే మొత్తం పేక కొనండి, ఆఠరంగి చాలు. మీ ఇంట్లోనో వీధిలోనో ఈ ఆట తెలిసిన పెద్దవాళ్లుంటే ఆ ముక్కలు వాళ్ల చేతికిచ్చి పంచమని అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.