బర్రె దిగే తొవ్వేదీ?

మొన్న సంక్రాంతికి తిరుత్తణి దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు తమ్ముడు ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ఇటుక బట్టీలకు మట్టి తోలే కాంట్రాక్టరు ఇచ్చిన ఒప్పందమది. మా కుంట పక్కనున్న రెండెకరాల మెరకలో పదడుగుల లోతు మట్టి తీసుకుంటాడట, లోడుకింత అని డబ్బిస్తాడట.

"గుంత మిగిలితే మంచిదే కదన్నా! వానకు నిండితే ఇంకో చెరువవుతుంది" అన్నాడు తమ్ముడు.

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఒప్పంద పత్రాలు చదివినవాణ్ణి. ఆ కాగితంలో డబ్బు సంగతి రెండు పేరాలుంది. గుంత సంగతి ఒక్క ముక్క కూడా లేదు. నాకు వెంటనే ఇల్లెందు గుర్తొచ్చింది.

2012లో ప్రమోషన్ మీద నన్ను ఆ ప్రాంతానికి పంపారు. సింగరేణి బొగ్గుకు పుట్టిల్లు ఇల్లెందే. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు జాడ కనుక్కున్నారు. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే 1920లో కంపెనీకి పెట్టారు. మొదట్లో అన్నీ భూమి లోపలి గనులే. అక్కడివాళ్ళు వాటిని బాయి అంటారు. 1970ల మధ్య నుంచి ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. పైనున్న మట్టినీ రాతినీ మొత్తం తొలగించి బొగ్గు తవ్వే పద్ధతి ఇది.

ఇందులో ఒక చిక్కుంది. మొదట తవ్వి తీసిన మట్టిని గనిలో పోయడానికి చోటుండదు, బయట గుట్టగా పోస్తారు. తవ్వకం ముందుకు సాగేకొద్దీ వెనక ఖాళీ అయిన భాగాన్ని కొత్త మట్టితో పూడుస్తూ వస్తారు. చివరి కోతకు వచ్చేసరికి పూడ్చడానికి దగ్గరలో మట్టి మిగలదు. ఊరి పక్కన ఒక గుట్ట, ఒక గుంత మిగులుతాయి. వాననీరు, ఊటనీరు చేరి ఆ గుంత నిండుతుంది. దూరం నుంచి చూస్తే పెద్ద చెరువే!

నష్టపరిహారం డబ్బు మా బ్రాంచిలో డిపాజిట్ చేసిన ఒక పెద్దాయన ఉండేవాడు. వడ్డీ తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా కాసేపు కూర్చునేవాడు. ఒకసారి నేను, పాత గనిలో నీళ్ళు నిండాయటగా, మీకు లాభమేగా అన్నాను. ఆయన నవ్వలేదు. "నీళ్ళు మస్తుగున్నయి సారూ, బర్రె దిగే తొవ్వేదీ?" అన్నాడు.

తర్వాత ఒక ఆదివారం వెళ్ళి చూస్తే ఆ మాట అర్థమైంది. గట్లు నిలువుగా గోడల్లా ఉన్నాయి. జారితే పట్టుకోవడానికి గడ్డిపరక లేదు. మన తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటికి మెట్లు లేకపోతే మొక్కుకున్న బెల్లం ఎక్కడ నిలబడి కరిగిస్తాం?

గుంతను చెరువు చేయాలంటే ముందు గట్టును ఏటవాలుగా కోయాలి. నీరు వచ్చే కాలువ, ఎక్కువైన నీరు పోయే దారి చూడాలి. ఆ దారిని మనం మొరవ అంటాం, వాళ్ళు అలుగంటారు. నీటిని పరీక్ష చేయించాలి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి కొన్ని దేశాల గనుల్లోలా నీళ్ళు పులిసిపోయి ఆమ్లంగా మారే బెడద అంతగా లేదు. ఇక పొలం సంగతికొస్తే, పైనుండే జానెడు మూరెడు మట్టిలోనే సారమంతా ఉంటుంది. తవ్వేముందే దాన్ని విడిగా తీసి దాచకపోతే, పూడ్చిన నేల మీద ఎంతకాలమైనా పైరు సరిగా రాదు.

వీటన్నిటికీ డబ్బెవరు పెట్టాలి? కామర్స్ చదివినవాణ్ణి కదా, నా మనసుకు నచ్చిన భాగం ఇదే. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ ఒక నిబంధన తెచ్చింది. గని నడిపే సంస్థ ఏటా కొంత సొమ్మును ఎస్క్రో ఖాతాలో జమ చేయాలి. ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష రూపాయల లెక్కన అప్పటి ధరల మీద కట్టారు. ఏటా పెరిగే ఖర్చు కూడా అందులో కలుస్తుంది. మూసివేత పని చూపించందే ఆ సొమ్ము వెనక్కి రాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనం అడ్వాన్సు పట్టుకోమూ, అలాంటిదే. అంతకుముందే మూతపడ్డ పాత గనులకు అప్పట్లో ఈ ఏర్పాటు లేదు.

తమ్ముడు ఊరుకుంటాడా? "నైవేలిలో పూడ్చిన నేల మీద చెట్లు పెంచి, చెరువులో పడవలు తిప్పుతున్నారే" అన్నాడు. నిజమే, నేనూ పిల్లలతో వెళ్ళి చూశాను. 1956లో పెట్టిన కంపెనీ అది, 1961లో లిగ్నైట్ అందుకుంది. అడుగునుంచి తన్నుకొచ్చే నీటిని రాత్రింబవళ్ళు తోడితేగాని అక్కడ పని సాగదు. అంత చేసినా, 2023 జూలైలో వలయమాదేవిలో నిలబడి ఉన్న పైరు మీదుగా యంత్రాలతో కాలువ తవ్వినప్పుడు రైతులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. పాత గని ఎంత పచ్చబడితే మాత్రం కొత్తగా భూమి పోయినవాడి కడుపు నిండుతుందా?

ఆ రాత్రి ఒప్పందం వెనక నేను మూడు షరతులు రాశాను. పైమట్టి విడిగా కుప్ప పోయాలి. ఒక పక్క బర్రె దిగేంత వాలు వదలాలి. మొదటి లోడు కదిలేముందే తమ్ముడి పేరా, కాంట్రాక్టరు పేరా జాయింటు ఖాతాలో డిపాజిట్ కట్టాలి.

"మనకు బర్రెలెక్కడున్నాయన్నా?" అని తమ్ముడు నవ్వాడు.

కాంట్రాక్టరు షరతులు చదివి, రేపొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. పోయిన వారం తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంకొకాయన వచ్చాడట, లోడుకు యాభై ఎక్కువ ఇస్తానన్నాడట, షరతులేమీ వద్దన్నాడట. సంతకం పెట్టకుండా కాగితం నాకు పంపమన్నాను. ఇంకా రాలేదు.