పైక్ చేపకి ఏ లూర్ కొనాలి? ఆటమ్‌లో నదికి వెళ్లే ముందు చూడాల్సిన స్పెక్స్

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా సెన్సర్ అన్నీ చూసి కొంటాం. అదే ఐర్లాండ్‌లో ఏదైనా ఫిషింగ్ షాప్‌కి వెళ్తే, గోడ నిండా వేలాడే లూర్లలో రంగు బాగున్నది ఒకటి తీసుకుని బయటికి వచ్చేస్తాం. నిజానికి లూర్ ప్యాకెట్ మీద కూడా స్పెక్స్ ఉంటాయి. పొడవు ఎంత, బరువు ఎంత, ఎంత లోతుకి వెళ్తుంది, నీళ్లలో తేలుతుందా మునుగుతుందా అన్నీ రాసే ఉంటాయి. వాటిని చదవడం వస్తే పది లూర్లు కొనే చోట మూడు సరిపోతాయి.

లూర్ అంటే కృత్రిమ ఎర. చెక్క, ప్లాస్టిక్, రబ్బరు లేదా లోహంతో చేస్తారు. పైక్ అనేది యూరప్, ఉత్తర అమెరికా, ఉత్తర ఆసియా మంచినీళ్లలో ఉండే వేట చేప. మన నదుల్లో దొరకదు. కానీ చదువుకో ఉద్యోగానికో ఐర్లాండ్ చేరిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆథ్లోన్, లిమెరిక్ ఊళ్ల మధ్యలోంచి పారే షానన్ నది పైక్ చేపలకి పేరున్నది. అందుకే ఈ గైడ్‌కి ఆ నదినే ఉదాహరణగా తీసుకుందాం. సీజన్ అక్టోబర్, నవంబర్.

ముందు పైక్ హార్డ్‌వేర్ చూద్దాం

పైక్ శరీరం పొడవుగా బాణంలా ఉంటుంది. వీపు రెక్క బాగా వెనక్కి, తోక దగ్గరికి జరిగి ఉంటుంది. ఈ డిజైన్ ఎక్కువ దూరం తరమడానికి పనికిరాదు, ఒక్క క్షణంలో దూకడానికి మాత్రం సూపర్. మన కొరమీనులాగే నాచులోనో, మునిగిన కొమ్మల పక్కనో పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాని మీద పడుతుంది.

కళ్లు తల పైభాగంలో ఉంటాయి కాబట్టి ముందుకీ పైకీ బాగా చూస్తుంది. అందుకే లూర్ చేప కంటే కొంచెం పైనుంచి వెళ్లాలి. కింద నుంచి వెళ్తే దాని కంట పడకపోవచ్చు. ఇంకో సెన్సర్ పార్శ్వరేఖ, బయాలజీలో చదివే ఉంటారు. నీటిలో కదలికల్ని ఇది పట్టేస్తుంది. నీళ్లు బురదగా ఉన్నా పైక్ వేటాడగలగడానికి ఇదో కారణం.

నోట్లో పళ్లు లోపలికి వాలి ఉంటాయి. పట్టు పడితే జారదు. నైలాన్ దారమైతే టక్కున తెగిపోతుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఆటమ్‌లో నదిలో ఏం మారుతుంది?

వేసవిలో ఒడ్డు పక్కన నాచు దట్టంగా పెరుగుతుంది, పైక్ అందులోనే దాక్కుంటుంది. చలి మొదలయ్యేసరికి ఆ నాచు చచ్చిపోతుంది. రోచ్ లాంటి చిన్న చేపలు గుంపులు కట్టి, ప్రవాహం తక్కువగా ఉండే లోతైన చోట్లకి, పడవలు కట్టే మరీనాల దగ్గరికి చేరతాయి. పైక్ వాటి వెనకే వెళ్తుంది. కాబట్టి వేసవిలో ఒక అడుగు లోతులో లాగిన లూర్‌ని ఇప్పుడు కిందికి దింపాలి.

రెండో మార్పు ఉష్ణోగ్రత. చేప శీతల రక్త జీవి, నీరు చల్లబడే కొద్దీ దాని ఒంట్లో అన్ని పనులూ నెమ్మదిస్తాయి. పైక్ చలిలో కూడా తింటుంది, కానీ దూరం వెళ్లి తరమదు. సాధారణంగా పనికొచ్చే లెక్క ఇది: నీరు 12 డిగ్రీల పైన ఉంటే మామూలు వేగంతో లాగండి. 8 నుంచి 12 మధ్య ఉంటే నెమ్మదిగా, మధ్య మధ్యలో ఆపుతూ. 8 కంటే తగ్గితే ఇంకా నెమ్మదిగా, ఆపే సమయం ఇంకా పెంచుతూ.

పారే నదిలో నీరు కలిసిపోతూ ఉంటుంది కాబట్టి ఒడ్డున కొలిచిన ఉష్ణోగ్రత అడుగున కూడా దాదాపు అంతే ఉంటుంది. అంటే అక్వేరియంలో వాడే చవక డిజిటల్ థర్మామీటర్ చాలు. నీళ్లలోకి విసిరి, వైఫైతో ఫోన్‌కి కనెక్ట్ చేసుకునే సోనార్లు కూడా ఉన్నాయి. లోతు తెలుసుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి, కానీ మొదటి ఖర్చు వాటి మీద వద్దు.

నాలుగు రకాలు, నాలుగు పనులు

స్పూన్: వంచిన లోహపు రేకు. లాగితే అటూ ఇటూ ఊగుతూ మెరుస్తుంది. బరువు చిన్న సైజులోనే ఉంటుంది కాబట్టి గాలికి ఎదురుగా కూడా దూరం పోతుంది. ఆపితే ఆకులా ఊగుతూ దిగుతుంది, చాలాసార్లు పైక్ పట్టేది అప్పుడే. టోబీ అనే ఫేమస్ స్పూన్ చేసిన స్వీడన్ కంపెనీ అబూ కథ గ్యాడ్జెట్ ప్రియులకి నచ్చుతుంది: 1921లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలై, ట్యాక్సీ మీటర్లు చేసి, తర్వాత ఫిషింగ్ రీళ్లలోకి వచ్చింది.

స్పిన్నర్: తీగ చుట్టూ రేకు గిరగిరా తిరుగుతుంది. కంపనం ఎక్కువ, వాడటం తేలిక. కానీ లాగడం ఆపితే రేకు తిరగదు, నెమ్మదిగా లాగితే కూడా సరిగ్గా తిరగకపోవచ్చు. అందుకే సెప్టెంబర్‌లో ఓకే, నవంబర్‌లో మార్కులు తగ్గుతాయి.

ప్లగ్: చేప ఆకారంలో ఉండే గట్టి లూర్. ఫిన్లాండ్‌కి చెందిన లౌరీ రపాలా 1936లో బెండుని చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, కరిగించిన ఫొటో నెగటివ్‌లతో పూత వేసి తన మొదటి లూర్ చేశాడు. గుంపులో దెబ్బ తిన్న చేప తడబడుతూ ఈదుతుంది, పైక్ దాన్నే ఎంచుకుంటుంది అని గమనించి ఆ తడబాటుని కాపీ కొట్టాడు. ఇప్పటి ప్లగ్‌లలో మూడు మోడ్లు ఉంటాయి: తేలేది, మునిగేది, ఆపిన చోటే నిలబడేది. మూడో దాన్ని సస్పెండింగ్ అంటారు. చల్లటి నీళ్లలో ఇదే బెస్ట్, ఎందుకంటే ఐదారు సెకన్లు పైక్ ముఖం ముందే ఆగి ఉంటుంది.

సాఫ్ట్ షాడ్: మెత్తటి రబ్బరు చేప, తోక చివర చిన్న గరిటెలా ఉంటుంది. దీన్ని సీసం తల ఉన్న కొక్కేనికి గుచ్చుతారు, ఆ తలని జిగ్ హెడ్ అంటారు. అదే 15 సెంటీమీటర్ల షాడ్‌కి ప్రవాహం తక్కువ ఉంటే 10 గ్రాముల తల, ఎక్కువ ఉంటే 20 లేదా 30 గ్రాముల తల మార్చుకోవచ్చు. ఎంత నెమ్మదిగా లాగినా తోక ఊగుతుంది. ఆటమ్ నదికి ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి. మైనస్ ఒక్కటే, పైక్ పళ్లకి త్వరగా చిరిగిపోతుంది.

బరువు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? విసిరాక లూర్ అడుగుకి తగిలే వరకు సెకన్లు లెక్కపెట్టండి. అడుగు తగిలినట్టు తెలియకుండానే ప్రవాహం తోసుకుపోతుంటే తల తేలిక. రాయిలా పడి ప్రతిసారీ అడుగున ఇరుక్కుంటుంటే ఎక్కువైంది. అడుగుకి అరమీటరు పైన లాగగలిగితే కరెక్ట్ సెట్టింగ్. రాడ్ మీద కూడా 20-80 గ్రా. లాంటి రేంజ్ రాసి ఉంటుంది. షాడ్, తల రెండూ కలిపి ఆ రేంజ్‌లోనే ఉండాలి.

రంగు చివర్లో ఎంచుకోండి

వరుస ఇలా పెట్టుకోండి: ముందు లోతు, తర్వాత వేగం, తర్వాత సైజు, ఆఖరికి రంగు. ఎంత మంచి రంగైనా తప్పు లోతులో వెళ్తే చేప చూడదు.

రంగు వెనక మాత్రం చక్కటి ఫిజిక్స్ ఉంది. స్వచ్ఛమైన నీటిలో ఎరుపు కాంతి ముందు ఆగిపోతుంది, నీలం లోతుకి వెళ్తుంది. ఐర్లాండ్‌లో చాలాచోట్ల నీరు చిత్తడి నేలల్లోని పీట్ మట్టి మీదుగా వస్తుంది కాబట్టి పల్చటి టీ డికాషన్ రంగులో ఉంటుంది. అక్కడ సీన్ రివర్స్. నీలం ముందు పోతుంది, పసుపు, నారింజ మిగులుతాయి. అందుకే ఆ నీళ్లలో రాగి, బంగారు, నారింజ రంగు లూర్లు కనిపిస్తాయి, షాపులో మెరిసిన నీలం రంగుది నల్లటి ముద్దలా ఉంటుంది.

షానన్‌లో ఇంకో ట్విస్ట్ ఉంది. 1990ల్లో ఇక్కడికి జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప చేరింది. అది నీటిని వడకట్టి తింటుంది కాబట్టి కొన్నిచోట్ల నీరు ముందుకన్నా తేటగా మారింది. తేట నీళ్లలో వెండి, రోచ్, పెర్చ్ చేపల సహజ రంగులు చాలు. వానల తర్వాత బురద నీళ్లు వస్తే రంగు మర్చిపోయి, ఎక్కువ కంపనం ఇచ్చే పెద్ద తోక షాడ్ వాడండి.

యూఎస్‌బీ ఛార్జింగ్ రోబో లూర్లు?

లోపల మోటార్, ఎల్‌ఈడీ ఉండి వాటంతటవే ఈదే లూర్లు ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు. నా ఓటు మాత్రం నో. లూర్‌కి ప్రాణం పోసేది మీ చెయ్యి: లాగడం, ఆపడం, వదలడం. మోటార్ ఒకే రిథమ్‌లో ఆడుతుంది. దారం తెగితే ఒక బ్యాటరీని నదిలో వదిలేసి వచ్చినట్టే.

లూర్ కంటే ముందు కొనాల్సినవి

ఇక్కడ పొరపాటు జరిగితే నష్టం మనకి కాదు, చేపకి. పైక్ పళ్లకి దారం తెగితే మూడు ముళ్ల కొక్కేలతో సహా లూర్ దాని నోట్లోనే ఉండిపోతుంది. నోరు బిగుసుకుపోయి అది తినలేకపోవచ్చు. కాబట్టి లూర్‌కీ దారానికీ మధ్య కనీసం 30 సెంటీమీటర్ల స్టీల్ వైర్ ట్రేస్ తప్పనిసరి. ఫ్లోరోకార్బన్ దారం గట్టిదే అయినా పైక్ కొరికేయగలదు.

పొడవాటి ప్లయర్స్, కొక్కెం కత్తిరించే కట్టర్, రబ్బరు వల ఉన్న పెద్ద నెట్, చేపని పడుకోబెట్టే మెత్తటి మ్యాట్ కూడా కావాలి. కొక్కేల మీద ఉండే ముల్లుని ప్లయర్స్‌తో నొక్కేయండి. కొక్కెం ఈజీగా వస్తుంది, అది మీ వేలికి దిగినా సరే. మ్యాట్‌ని ముందే తడపండి, ఫొటోకి ఫోన్ రెడీగా పెట్టుకోండి, చేపని బయట ఉంచే టైమ్ తగ్గుతుంది. వదిలేటప్పుడు నీళ్లలో నిటారుగా పట్టుకుని, దానంతట అది కదిలాకే చేతులు తీయండి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి వేసవి కంటే ఆటమ్‌లో పైక్ త్వరగా కోలుకుంటుంది. మీటరు దాకా పెరిగిన పైక్ దాదాపు ఎప్పుడూ ఆడదే. ఆ సైజు రావడానికి ఏళ్లు పడుతుంది.

రూల్స్ కూడా ఇదే చెప్తాయి. ఐర్లాండ్ రిపబ్లిక్‌లో రోజుకి ఒక్క పైక్‌నే ఉంచుకోవచ్చు, అదీ 50 సెంటీమీటర్లు దాటకూడదు. బతికున్న చేపని ఎరగా వాడటం నిషేధం. పైక్‌కి ప్రభుత్వ లైసెన్స్ అక్కర్లేదు, కానీ కొన్నిచోట్ల స్థానిక క్లబ్ పర్మిట్ కావాలి. ఉత్తర ఐర్లాండ్, ఇంగ్లండ్‌లలో లైసెన్స్ ఉండాలి. ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు వేట బంద్. ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లే ముందు నెట్, మ్యాట్, లూర్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. జీబ్రా మస్సెల్ లాంటివి తడి సామాన్లతోనే కొత్త చోట్లకి వెళ్తాయి.

ఫైనల్ వర్డిక్ట్

బడ్జెట్ ఏదైనా మొదట ట్రేస్‌లు, ప్లయర్స్, కట్టర్, నెట్, మ్యాట్. మిగిలిన డబ్బుతో మూడు లూర్లు:

1. 15 సెం.మీ. షాడ్‌లు రెండు మూడు, 10, 20, 30 గ్రాముల జిగ్ హెడ్‌లతో. లోతైన చోట్లకి, బురద నీళ్లకి.
2. 25 గ్రాముల పైన ఉండే రాగి రంగు స్పూన్. గాలి రోజులకి, తెలియని చోట త్వరగా వెతకడానికి.
3. 12 నుంచి 14 సెం.మీ. సస్పెండింగ్ ప్లగ్, సహజ రంగులో. తేట నీళ్లకి, బాగా చల్లటి రోజులకి.

నది దగ్గరికి వెళ్లగానే బాక్స్ తెరవకండి. థర్మామీటర్ నీళ్లలో పెట్టండి, నీటి రంగు చూడండి, ప్రవాహం ఎటు తగ్గుతోందో ఐదు నిమిషాలు గమనించండి. మూడింటిలో ఏది తీయాలో నదే చెప్పేస్తుంది.