బొగ్గుబాయి: శబ్దవిచారము

తెలంగాణమున గోదావరీతీరపు బొగ్గుప్రాంతమందు జనులు గనిని "బాయి" యందురు. "బాయికి పోయిండు", "బాయిల దిగిండు" అనునవి యచ్చటి యింటింటి మాటలు. పాఠశాలలో బాలుఁడు వ్యాసమున "బొగ్గుబాయి" యని వ్రాసినచోఁ బండితుఁడు దానిని గొట్టివేసి "బొగ్గుగని" యని దిద్దుట కలదు. ఈ దిద్దుబాటు శాస్త్రసమ్మతమగునా యని యిచ్చట విచారింపఁబడుచున్నది.

మొదట శబ్దస్వరూపము. "గని" సంస్కృత "ఖని" శబ్దమునకుఁ దద్భవము. ఖనధాతువునకుఁ ద్రవ్వుట యర్థము. "బాయి" యన్ననో, "వాపీ" శబ్దము ప్రాకృతమున "వావీ" యై, తెలుఁగున "బావి" యై, తెలంగాణపు నోట వకారము యకారము కాఁగా నేర్పడినది. కావున రెండును దద్భవములే. వకార యకార భేదము ప్రాంతీయమగుఁ గాక. అంతమాత్రమున మాటయే త్యాజ్యము కాఁజాలదు.

ఇఁక నర్థము. బావి జలాశయము గదా, బొగ్గు తీయుచోటి కా పేరెట్లు చెల్లునని శంక. సాదృశ్యమూలకమగు గౌణలక్షణచేఁ జెల్లునని సమాధానము. నేలను లోఁతుగాఁ ద్రవ్వుట, మనుష్యుఁడు దిగుట, లోపలి సొత్తును బైకిఁ జేఁదుట రెండింటికిని సమానములు. అయినను గనులలోఁ బెక్కింటికి నిలువుగోతులు లేవు. వాలుగా దిగు మార్గములు గలవు. వానిని గార్మికులు "ఇంక్లైను" లందురు. అచ్చట సాదృశ్యము చెడదా యని మరల శంక. చెడదు. అమరసింహుఁడు వాపిని దీర్ఘికకుఁ బర్యాయముగాఁ జెప్పెను. వాపి యనఁగా మన దిగుడుబావియే. వాలుగా లోనికి నడచిపోవు గనికి దిగుడుబావికంటె సన్నిహితమైన యుపమానము దొరకదు. చదువురాని కూలివాఁడు మూలశబ్దము నర్థమునే యెఱుఁగక తాఁకినాఁడు.

ఈ లక్షణ యెట్లు పుట్టినదో చరిత్ర తెలుపును. 1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రజ్ఞుఁడగు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లోఁ ద్రవ్వకము మొదలయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నాఁటినుండి సింగరేణి యను గ్రామనామము కొత్తగూడెము మొదలు బెల్లంపల్లి వఱకుఁ గల గనులకెల్లఁ బేరైనది. ఈ గనులలో దిగినవారిలోఁ బెక్కండ్రు పల్లెలనుండి వచ్చిన వ్యవసాయకులు, కూలీలు. నేలలో లోఁతుగాఁ ద్రవ్విన దానిని వారు బావియని యెఱుఁగుదురు. ఎఱిఁగిన మాటతో నెఱుఁగని భయమును బిలిచికొనిరి. చెఱువుకట్టలను గాచు మైసమ్మను గూడ గనిముఖమునకుఁ దెచ్చి నిలిపికొనిరి. దిగుటకు ముందు మ్రొక్కు నాచారము నేఁటికిని గలదు. మాటకుఁ బట్టిన లక్షణయే దేవతకును బట్టినది.

అన్యదేశ్యములను వారు తెలుఁగు చేసికొన్న తీరును వైయాకరణులు గమనింపఁదగినది. హలంతములకు ఉకారము చేర్చి టబ్బు, మస్టరు, సర్దారు అనిరి. టబ్బనఁగా బొగ్గు నింపు పెట్టెబండి, మస్టరనఁగా హాజరు. "మస్టరు పడినది" యన్న నానాఁటి కూలి దక్కినదని యర్థము. బొగ్గు నెత్తు పాఱను "చెమ్మస్" అనిరి. తట్టయు చెమ్మసును జంటగాఁ జెప్పినచోఁ గోల్ ఫిల్లరు బ్రతుకంతయు స్ఫురించును.

2003వ సంవత్సరము జూను 16వ తేదీన గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ముంచుకొనివచ్చి 17 మంది కార్మికులు మృతిచెందిరి. ముఖ్యార్థమునకు బాధ కలిగినప్పుడు గదా లక్షణ ప్రవర్తించుట. ఆనాఁడా బాధ తొలఁగి బాయి బావియే యయ్యెను. ఇది చమత్కారమునకుఁ జెప్పినది కాదు. ఈ మాటను గొట్టివేయు కలము దేనిని గొట్టివేయుచున్నదో తెలియుటకుఁ జెప్పితిని.

నేఁడు సింగరేణి బొగ్గులో నధికభాగము ఓపెన్‌కాస్టు గనులనుండి వచ్చుచున్నది. అచ్చటఁ గొండంత యంత్రములు నేలను బైనుండి తొలఁచును. లోనికి దిగు పని లేదు. భూగర్భగను లొక్కొక్కటి మూఁతపడుకొలఁది వాని మాటలును మూఁతపడుచున్నవి. వ్యవసాయపదములకు 1962లోను, చేనేతపదములకు 1971లోను మాండలిక వృత్తిపదకోశ సంపుటములు వెలువడినవి. బాయిపదములకును నట్టి సేకరణము, విశ్రాంతులైన కార్మికులు జీవించి యుండఁగనే, జరుగవలెను.

కావున బాలుఁడు "బాయి" యని వ్రాసినచో గ్రాంథికరచనకు "బావి" యను రూపమును బ్రక్కన వ్రాసి చూపవచ్చును. "గని" యని మార్పఁ బనిలేదు. వాని తాత బాయిలోఁ బలికిన మాటలు మఱి నాలుగు వ్రాసి తెమ్మనుట యుత్తమము. విజ్ఞులు విచారింతురుగాక.