టీకాకు తాత్పర్యం: బడిలో చేరే పిల్లల టీకాలు, ఆరోగ్యపరీక్షలు – పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం:
బడిలో చేరే వయసు పిల్లలకు ప్రభుత్వం టీకాలను, ఆరోగ్యపరీక్షలను ఉచితంగా అందిస్తోంది. అయితే టీకాలు వేయించినట్లు ఆధారం చూపితేనే ప్రవేశం అనే షరతును మన విద్యాహక్కు చట్టం విధించలేదు. అందువల్ల ఈ కార్యక్రమాల ఫలితం తల్లిదండ్రుల అవగాహనపై ఆధారపడి ఉంది. ఆ అవగాహనకు భాషే ద్వారం. బడిఈడు పిల్లలకు అవసరమైన టీకాలను, పరీక్షలను వివరిస్తూ, వాటికి సంబంధించిన తెలుగు పదాలు ఎక్కడ తోడ్పడుతున్నాయో, ఎక్కడ అడ్డుపడుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టీకా, బడిఈడు, రోగనామాలు, కంఠసర్పి, తట్టు, ఆరోగ్యపరీక్ష, ఆరోగ్యపరిభాష.

1. ప్రవేశిక:
బడిలో చేరేనాటికి ప్రతి బిడ్డ పేరిట ఇంట్లో రెండు కాగితాలు ఉండాలి. ఒకటి పుట్టినతేదీ ధ్రువపత్రం, రెండవది మాతాశిశు సంరక్షణ కార్డు. మొదటిదాన్ని కుటుంబాలు భద్రంగా దాచుకుంటాయి. రెండవది చాలా ఇళ్ళలో బిడ్డకు రెండేళ్ళు నిండగానే బీరువా అడుగుకు చేరుతుంది. ఇక దానితో పని లేదన్న భావనే ఇందుకు కారణం. నిజానికి ఆ కార్డులోని ఒక ముఖ్యమైన గడి నిండవలసింది బిడ్డ బడిలో చేరే వయసులోనే.

తెలుగు విద్యార్థికి ‘టీకా’ అనగానే ‘టీకా తాత్పర్యాలు’ స్ఫురిస్తాయి. కఠినపదాలకు అర్థం చెప్పే ఆ టీకా సంస్కృతం నుంచి వచ్చింది. రోగనిరోధానికి వేసే టీకా హిందీ నుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకు బొట్టు, గుర్తు అని అర్థం. మశూచి టీకా చేతిపై శాశ్వతంగా మిగిల్చే మచ్చకు ఆ పేరు తగినదే. రెండు మాటలూ రూపంలో ఒకటైనా మన వ్యవహారంలో వేరువేరు దారులు పట్టాయి. కార్డుమీద టీకా ఉంది, దాని తాత్పర్యం తల్లిదండ్రులకు అందడం లేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ లోటే.

2. చట్టం చెప్పేది, చెప్పనిది:
మన దేశంలో తొలి మశూచి టీకాను 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేశారు. 1880లో వచ్చిన టీకా చట్టం కొన్ని మునిసిపాలిటీలలో, కంటోన్మెంట్లలో పిల్లలకు మశూచి టీకాను తప్పనిసరి చేయడానికి వీలు కల్పించింది. అంటే నిర్బంధం మనకు తెలియనిది కాదు. స్వాతంత్ర్యానంతర కాలంలో 1978లో విస్తృత టీకా కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం ఆరంభమయ్యాయి. ఇవి ప్రధానంగా ఒప్పించడంపై నడిచే కార్యక్రమాలు.

2009 విద్యాహక్కు చట్టం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో కూడా ప్రవేశం నిరాకరించరాదని 14వ విభాగంలో చెప్పింది. టీకా పత్రాన్ని ప్రవేశానికి షరతుగా పెట్టలేదు. పేద కుటుంబాల పిల్లలు బడికి దూరం కాకూడదన్న దృష్టితో చూస్తే ఇది సమంజసమే. 2020 జాతీయ విద్యావిధానం బడిపిల్లలకు క్రమంతప్పని ఆరోగ్యపరీక్షలు, సంపూర్ణ టీకాకరణ, ఆరోగ్యకార్డులు ఉండాలని పేర్కొంది.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి 50 రాష్ట్రాలూ బడిలో చేరడానికి కొన్ని టీకాలను తప్పనిసరి చేశాయి. మినహాయింపుల విషయంలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ భేదం ఉంది. ఇక్కడినుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఈ నిబంధనను ఎదుర్కొంటాయి. మన ప్రభుత్వ పట్టికలో గవదబిళ్ళల టీకా, ఆటలమ్మ టీకా లేవు, అక్కడ అవి అడుగుతారు. తట్టు టీకా తొలి మోతాదును మనం తొమ్మిది నెలలకే వేస్తాం. ఏడాది నిండాక వేసినదాన్నే అక్కడ లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి రెండు మోతాదులు పూర్తయిన బిడ్డకు కూడా మరొకటి వేయించవలసి వస్తుంది. అక్కడ నిబంధన చేయించే పనిని ఇక్కడ అవగాహన చేయించాలి.

3. బడిఈడు టీకా:
జాతీయ టీకా పట్టిక ప్రకారం పుట్టినప్పుడు క్షయ నిరోధక బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా ఇస్తారు. 6, 10, 14 వారాల వయసులో పెంటావాలెంట్ తదితర టీకాలు, 9 నెలలు నిండాక తట్టు–రుబెల్లా మొదటి మోతాదు, 16–24 నెలల మధ్య దాని రెండవ మోతాదు, డి.పి.టి. మొదటి బూస్టర్ వస్తాయి. ఆ తరువాత సుమారు మూడేళ్ళ విరామం ఉంటుంది. 5–6 ఏళ్ళ మధ్య డి.పి.టి. రెండవ బూస్టర్ వేయాలి. 10, 16 ఏళ్ళకు టి.డి. టీకా ఇస్తారు.

ఈ మూడేళ్ళ విరామంలోనే కార్డు మరుగున పడుతుంది. పసితనంలో వేసిన టీకావల్ల కలిగిన రక్షణ కంఠసర్పి, కోరింత దగ్గుల విషయంలో కాలక్రమంలో తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో బిడ్డ ఇంటి వాతావరణం వదలి, పదుల సంఖ్యలో పిల్లలతో ఒకే గదిలో కూర్చోవడం మొదలుపెడుతుంది. మన దేశంలో కంఠసర్పి ఇప్పుడు ఐదేళ్ళు దాటిన పిల్లల్లోనే ఎక్కువగా కనిపించడం ఈ బూస్టర్ ప్రాముఖ్యాన్ని తెలుపుతోంది. డి.పి.టి.ని ఏడేళ్ళలోపే వేస్తారు. ఆ వయసు దాటితే టి.డి. వేస్తారు, అయితే అందులో కోరింత దగ్గుకు రక్షణ లేదు.

తట్టు సంగతి మరీ తీవ్రమైనది. రక్షణ లేనివారు పదిమంది రోగికి దగ్గరగా మెలిగితే తొమ్మిదిమందికి సోకగలదు. అందువల్ల దాని వ్యాప్తిని ఆపడానికి సుమారు 95 శాతం మందికి రెండు మోతాదులూ అందాలి. రెండవ మోతాదు తప్పిన పిల్లలను గుర్తించడానికి బడి ప్రవేశం అనువైన సందర్భం.

4. రోగనామాలు – అందే అర్థం, అందని అర్థం:
టీకా పేర్లు కార్డుపై పొడి అక్షరాలుగా ఉంటాయి. ‘డి.పి.టి.’ అన్న మూడు అక్షరాల వెనుక కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం అనే మూడు వ్యాధులు ఉన్నాయని చాలామందికి తెలియదు. వీటికి తెలుగు పేర్లు ఉన్నాయి కదా, అవి వాడితే చాలదా అన్న ప్రశ్న సహజం. అయితే తెలుగు పేరైనంత మాత్రాన అర్థం అందదు. కంఠసర్పి అన్న మాట నేటి యువ తల్లిదండ్రులకు దాదాపు అపరిచితం. టీకాల వల్ల రోగం అరుదైంది, రోగంతోపాటు పేరూ వాడుకనుంచి తొలగింది. కాబట్టి పేరుతోపాటు ‘గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనివ్వని జబ్బు’ అన్న వివరణ కూడా అవసరం.

అమ్మవారికి సంబంధించిన పేర్లలో చిక్కు మరొక రకంగా ఉంది. మశూచిని పెద్దమ్మవారని, ఇతర దద్దుర్ల జ్వరాలను చిన్నమ్మవారని, పొంగు అని, ఆటలమ్మ అని ప్రాంతాన్నిబట్టి వ్యవహరిస్తారు. ఒకే మాట ఒకచోట తట్టుకు, మరొకచోట ఆటలమ్మకు చెల్లుతుంది. ‘మావాడికి అమ్మవారు పోసి పోయింది, ఇక టీకా ఎందుకు?’ అని తల్లి అన్నప్పుడు ఆమె మాటలో తర్కం ఉంది. కాని వచ్చినది ఆటలమ్మ అయితే తట్టునుంచి ఆ బిడ్డకు రక్షణ లేదు. వచ్చినది తట్టే అయినా రుబెల్లా మిగిలే ఉంటుంది. ముందే రక్షణ ఉన్న బిడ్డకు ఈ టీకా మళ్ళీ వేసినా హాని లేదు. అమ్మవారిపట్ల గౌరవాన్ని తక్కువచేయకుండా ఈ మూడు సంగతులూ చెప్పవచ్చు.

రుబెల్లాకు వాడుకలో స్థిరపడిన తెలుగు పేరు లేదు. పిల్లల్లో ఇది స్వల్ప జ్వరంగా వచ్చి పోతుంది, పేరు పెట్టేంతగా భయపెట్టలేదు. కాని గర్భిణికి తొలి నెలల్లో సోకితే పుట్టే బిడ్డకు కంటిశుక్లం, చెవుడు, గుండెలోపం కలగవచ్చు. బడిపిల్లకు వేసే టీకా ముందుతరాన్ని కూడా కాపాడుతుందన్నది ఇక్కడి తాత్పర్యం. 2017 ఆగస్టులో ఉభయ తెలుగు రాష్ట్రాల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలకు పాఠశాలలు కేంద్రంగా తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది. బడికి టీకాకు ఉన్న అనుబంధానికి అది మంచి ఉదాహరణ.

5. ఆరోగ్యపరీక్ష – లోపాల పేర్లు:
2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షిస్తుంది. పుట్టుకతో వచ్చే లోపాలు, వ్యాధులు, పోషకలోపాలు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు వర్గాల్లో 30 రకాల సమస్యలను గుర్తించడం దీని లక్ష్యం. సంచార వైద్యబృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్ళాలి. సమస్య ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, చికిత్స ఉచితం.

ఇక్కడ కూడా పదాలు నమ్మకాలను మోస్తున్నాయి. ‘గ్రహణం మొర్రి’ అన్న పేరులోనే కారణం ఉంది. గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టిందన్న నింద ఆ పేరునుంచి పుడుతుంది. పై పెదవి గర్భంలో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య రూపొందుతుంది. ఆ కలయిక పూర్తికానప్పుడు చీలిక మిగులుతుంది, ఇందులో తల్లి దోషం లేదు. ‘చీలిన పెదవి’ అనడం సూటిగా ఉంటుంది, శస్త్రచికిత్సకు దారి చూపుతుంది.

‘మెల్లకన్ను అదృష్టం’ అన్న మాట మరింత నష్టం చేస్తుంది. చూపు కుదురుకునే వయసులో ఒక కన్ను పక్కకు తిరిగి ఉంటే మెదడు ఆ కంటి దృశ్యాన్ని వదిలేస్తుంది. క్రమంగా ఆ కంటిచూపు మందగిస్తుంది. చిన్నవయసులో కళ్ళద్దాలు, మంచి కంటిని కొంతసేపు మూసి ఉంచే చికిత్స ఫలిస్తాయి, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. అదృష్టమని ఊరుకున్న ఏళ్ళే చికిత్సకు అనువైన ఏళ్ళు. అలాగే ‘మేనమామ పోలిక, మాటలు ఆలస్యంగానే వస్తాయి’ అన్న ఓదార్పు వెనుక వినికిడి లోపం దాగి ఉండవచ్చు. పలకమీద అక్షరం కనిపించని బిడ్డను, పిలుపు వినిపించని బిడ్డను తరగతిలో ‘మొద్దు’ అని ముద్రవేయడం ఈ వరుసలో చివరి మెట్టు.

6. ఉపాధ్యాయుని పాత్ర – కొన్ని ప్రతిపాదనలు:
ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు, వ్యాఖ్యాత. కఠినపదానికి అర్థం చెప్పడం అతని వృత్తి. ఈ దృష్టితో నాలుగు సూచనలు:

మొదటిది, ప్రవేశ సమయంలో టీకా కార్డును అడిగి చూడాలి. అది లేదని ప్రవేశం ఆపకూడదు. ఖాళీగా ఉన్న గడిని చూపి, సమీప ఆరోగ్యకేంద్రానికి పంపాలి.

రెండవది, డి.పి.టి. రెండవ బూస్టర్‌ను ‘బడిఈడు టీకా’ అని వ్యవహరించవచ్చు. ఆ పేరులోనే వయసు తెలుస్తుంది.

మూడవది, టీకా వేసిన తరువాత ఒకటిరెండు రోజులు స్వల్పజ్వరం, సూది వేసినచోట నొప్పి, వాపు రావచ్చని ముందే చెప్పాలి. ముందు చెప్పినది వివరణ అవుతుంది, తరువాత చెప్పినది సంజాయిషీ అవుతుంది.

నాల్గవది, ఇంటికి పంపే పత్రాల్లో పొడి అక్షరాలు, స్థానికంగా వాడే రోగనామం, ఒక వాక్యం వివరణ మూడూ ఉండాలి. ఆ పదాలను జిల్లావారీగా సేకరించడం తెలుగుశాఖలు చేయదగిన పని.

7. ముగింపు:
బడిఈడు పిల్లల ఆరోగ్యానికి కావలసిన టీకాలు, పరీక్షలు, చికిత్స ఉచితంగా ఉన్నాయి. వాటికీ బిడ్డకూ మధ్య మిగిలిన దూరంలో కొంత భాషాపరమైనది. వాడుక పదాలను తోసిపుచ్చి పొడి అక్షరాలు పెట్టడం వల్ల గాని, పాతపదాలను యథాతథంగా నిలపడం వల్ల గాని ఆ దూరం తగ్గదు. ప్రతి పదం ఏ అర్థాన్ని అందిస్తోందో, దేన్ని దాస్తోందో గుర్తించి వివరించాలి. బిడ్డ ఐదో ఏట ఆ కార్డు బీరువా అడుగునుంచి బయటికి రావాలి. అందుకు టీకాతోపాటు దాని తాత్పర్యమూ ఇంటికి చేరాలి.