నేల తడి, విశాఖ వేడి

మే నెల ఎండలో గాజువాక రోడ్డు దాటి ఉక్కునగరం చెట్ల మధ్యకు వెళితే ప్రాణం లేచి వస్తుంది. నీడ వల్లే అనుకుంటాం. నేలలోని తడికి కూడా అందులో వాటా ఉంది.

నేల తడిగా ఉంటే, మీద పడిన ఎండలో పెద్ద భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. లీటరు నీరు ఆవిరవడానికి సుమారు 24 లక్షల జౌళ్ల శక్తి కావాలి. కరెంటు బిల్లు లెక్కలో అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. చదరపు మీటరు నేలలో ఒక్క మిల్లీమీటరు నీరు ఆరిందంటే అంత వేడి ఆవిరితోపాటు పైకి వెళ్లిపోయినట్టే. తడి లేనిచోట అదే వేడి నేలనూ, దాన్ని తాకే గాలినీ కాలుస్తుంది. విశాఖలో సముద్రపు తేమ వల్ల ఆవిరయ్యే వేగం కొంత తగ్గుతుంది, ఉక్కపోత సరేసరి. పైగా ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో పైపొర తొందరగా ఆరిపోతుంది. అప్పుడు లోతు తడిని తోడి ఆకుల గుండా గాలికి అందించేవి చెట్ల వేళ్లే.

నేల వాయువులను కూడా ఇచ్చిపుచ్చుకుంటుంది. మట్టి సందుల్లోని సూక్ష్మజీవులు, వేళ్లు ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మట్టి ఎండిపోతే సూక్ష్మజీవులు మందగిస్తాయి. తొలకరి చినుకు పడగానే ఒక్కసారిగా విజృంభిస్తాయి, కార్బన్ డయాక్సైడ్ గుప్పున పైకి వస్తుంది. తూర్పు ఆఫ్రికా నేలలను పరిశీలించిన బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో దీన్ని వివరించాడు కాబట్టి దీనికి ఆయన పేరే పెట్టారు. మనం ఇష్టంగా పీల్చే ఆ మట్టివాసనలో ముఖ్యమైన జియోస్మిన్ కూడా మట్టి బాక్టీరియా తయారుచేసిందే.

నీరు మరీ ఎక్కువైతే కథ మారుతుంది. గాలిలోకన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నీరు నిలిచిన వరిమడిలో ఊపిరాడని మట్టి మీథేన్ వదిలేది అందుకే. గాలి ఆడే అడవి నేలలోనైతే మీథేన్‌ను తినే బాక్టీరియా ఉంటాయి.

2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్ల స్థానంలో మొక్కలు నాటాం, మంచిదే. కానీ మొదళ్ల చుట్టూ సిమెంటు పోసేస్తే వాననీరు ఇంకదు, వేళ్లకు గాలి అందదు. మీ వీధిలో అలాంటి చెట్టుంటే, దాని చుట్టూ కనీసం ఒక మీటరు మట్టి తెరిపించండి.